ఎర్రగుడి, జొన్నగిరి: పొద్దు చూసుకుని వెళ్లాల్సిన చోటు

కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఏనకొండ మీది అశోకుడి శాసనాలకు గంటన్నర చాలు. అది ఏ పూట అన్నదే అసలు సంగతి. వీటిని చెక్కిన బ్రాహ్మి లిపి గీతల్లో లోతు తక్కువ. మిట్టమధ్యాహ్నం నీడ పడదు కాబట్టి గుండు చదునుగా కనబడుతుంది, వచ్చినవాళ్లు "ఏమీ లేదే" అని దిగిపోతారు. పొద్దున తొమ్మిదిలోపు, లేదంటే సాయంత్రం నాలుగు దాటాక ఏటవాలు ఎండలో అక్షరాలు లేచి కనిపిస్తాయి. నీడవైపు బండకు టార్చి పక్కనుంచి పట్టండి, ఎదురుగా కాదు. గీతలు తేలడానికి సుద్ద పూయడం, నీళ్లు చల్లడం మాత్రం వద్దు, అరిగిన రాయి ఇంకా పాడవుతుంది.

గుత్తి నుంచి పత్తికొండ రోడ్డులో సుమారు 13 కి.మీ. ఆటోకు రానూపోనూ, ఆగే సేపుతో కలిపి బేరం చేసుకోండి. రాజులమందగిరి అని పత్తికొండ దగ్గర ఇంకో అశోక శాసనం ఉంది, దాన్నీ దీన్నీ కలిపేసుకోకండి. అక్కడిది లఘు (చిన్న) శాసనం. ఎర్రగుడిలో 14 ప్రధాన శిలాశాసనాలు, రెండు లఘు శాసనాలు ఒకే కొండ మీద ఉన్నాయి. ఆంధ్రుల పేరు వచ్చే 13వ శాసనం తెలుగువాళ్లు తప్పక వెతుక్కోవాల్సింది. లఘు శాసనంలో కొన్ని వరుసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అది తెలియకుండా చదవబోతే మాటలు కుదరవు.

వీటిని 1929లో గుర్తించింది అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. ఈ సీమలో బంగారం, వజ్రాల కోసం వచ్చేవాళ్లకు తక్కువేం లేదు. అందుకే ఇదే తుగ్గలి మండలంలోని జొన్నగిరినీ కలిపి చూడాలి. కర్ణాటకలోని బ్రహ్మగిరి అశోక శాసనంలో వచ్చే సువర్ణగిరి, అంటే మౌర్యుల దక్షిణ ప్రాంత పాలనా కేంద్రం, ఇదేనని కొందరు చరిత్రకారుల మాట. ఇక్కడ బంగారం పలుగురాతి చారల్లో ఉంటుంది. పాతకాలపువాళ్లు ఆ చారల వెంటే తవ్వుకుంటూ పోయారు. ఆ గుంతల అంచుల్లో మట్టి వదులు, వంగి చూడకండి. ఇప్పటి గని హద్దులోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు.

తొలకరి పడ్డాక వాన మట్టిని కడిగి రాళ్లు పైకి తేలుస్తుంది, వజ్రాల కోసం జనం చేలల్లో దిగుతారు. చూడ్డానికి అదో వింత, కానీ విత్తిన చేను తొక్కితే రైతుకు నష్టం, గట్టు మీదే నిలబడండి. ఆ నెలల్లో కారు తారురోడ్డు మీదే ఆపాలి, పొలం దారిలో చక్రాలు దిగబడతాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు గుత్తిలోనే నింపుకోండి. ఎండాకాలంలో బండ కాలుతుంది, చెప్పులు చాలవు, బూట్లు వేసుకోండి.