రెండు ముక్కల వరంగల్, కుదించిన మ్యాపు

హన్మకొండలో మ్యాపు ప్రింట్ తీయించాలనుకుంటే జేబులో స్కేలు పెట్టుకుని వెళ్లండి. మేం పెట్టుకోలేదు. 640 రూపాయలు బూడిదలో పోసినట్టయింది.

మా బామ్మర్ది మైక్రోలైట్ (చిన్న, తేలికపాటి విమానం) నడపడం నేర్చుకుంటున్నాడు. ఫోన్ ఆగిపోయినా చేతిలో కాగితం ఉండాలని వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ పట్టు. అందుకే పైనుంచి చూడాల్సిన గుర్తులను ముందు నేలమీద చూసి మ్యాపుతో పోల్చుకుందామని మే నెలలో కరీంనగర్ నుంచి కారులో బయల్దేరాం. వెనక సీట్లో మా ఆవిడ. తమ్ముడి సరదాకు తన సెలవులు ఖర్చయ్యాయని మూతి ముడుచుకుని కూర్చుంది.

సర్వే ఆఫ్ ఇండియా 50,000 స్కేల్ మ్యాపు షీట్లు (కాగితం మీద 2 సెంటీమీటర్లంటే నేలమీద కిలోమీటరు) ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరికాయి. చిక్కేమిటంటే 18 డిగ్రీల అక్షాంశం సరిగ్గా ఊరి మీదుగా పోతుంది. వేయిస్తంభాల గుడి పై షీట్లో, ఖిలా వరంగల్, మామునూరు రన్‌వే కింది షీట్లో. షీట్ల పాత నంబర్లలో 56 ఎన్/12, 56 ఓ/9. రెండూ లేకపోతే ఊరు సగమే.

ప్రింటింగ్ షాపులో లామినేషన్‌తో కలిపి షీటుకు 320. రంగులు బాగానే వచ్చాయి. రాత్రి లాడ్జిలో (1,400, ఏసీ శబ్దమే తప్ప చల్లదనం లేదు) బామ్మర్ది మ్యాపు మీది స్కేలు గీత కొలిచాడు. నాలుగు కిలోమీటర్లకు 8 సెంటీమీటర్లు ఉండాలి. 6.8 ఉంది. కాగితంలో పట్టించడానికి షాపతను మొత్తం కుదించేశాడు! అంటే 20 కిలోమీటర్లు కొలిస్తే 17 అనిపిస్తుంది. గంటకు 90 కిలోమీటర్లు పోయే మైక్రోలైట్‌కు రెండు నిమిషాల తేడా.

పొద్దున్నే వెళ్లి అడిగితే, "మ్యాపంతా వచ్చింది గదా సార్, ఇంకేంది?" అన్నాడు. మళ్లీ తీయడానికి మళ్లీ డబ్బులట. పైగా ఆ మెరిసే లామినేషన్ మీద పెన్సిల్ రాయదు, ఎండలో మన మొహమే కనబడుతుంది. అసలు సైజులో, పెద్ద షీట్లు తీసే ప్లాటర్ మీద, మెరవని కాగితం మీద తీయమని ముందే చెప్పాలి.

"బావా, ఇది చూడు," అని దారిలో బామ్మర్ది షీటు పక్క అంచు చూపించాడు. అక్షాంశంలో ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే ఒక నాటికల్ మైలు, 1.85 కిలోమీటర్లు. ప్రింట్ కుదిస్తే అదీ అంతే కుదించుకుపోతుంది కాబట్టి దూరాలు అక్కడ కొలుచుకోవచ్చు. అలా గట్టెక్కాం.

రామప్ప చెరువు మా రెండు ప్రింట్లలో లేదు, ఆన్‌లైన్ షీట్లో నిండుగా ఉంది. మేలో నీళ్లు ఎక్కడో లోపల. నీలిరంగును నమ్మకుండా కట్టను గుర్తుపెట్టుకోవాలి. ములుగు దాటాక చెట్టుకింద తిన్న జొన్నరొట్టె, నాటుకోడి కూర మాత్రం మరిచిపోలేం. ముగ్గురికీ 480. మా ఆవిడ నవ్వింది అక్కడే. పాకాల చెరువు దగ్గర మళ్లీ దెబ్బ: 80 డిగ్రీల రేఖాంశం పక్కనే కావడంతో 56 నంబరు షీట్లు పోయి 65 నంబరువి మొదలవుతాయి. ఆ చుట్టుపక్కల షీట్లేవీ మా దగ్గర లేవు. అన్నిటికన్నా తేలికైన గుర్తు కాజీపేట: సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ వైపు మూడు పట్టాలు విడిపోయే చోటు.

నన్నడిగితే ఎగిరేటప్పుడు ఒళ్లో పెట్టుకోవడానికి 2,50,000 స్కేలే (సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు) మేలు. 50,000 షీటు అడ్డంగా 26 కిలోమీటర్ల పైచిలుకే, 18 నిమిషాల్లో దాటేస్తాం. గాలిలో ఎన్ని మడతలు విప్పుతాం? దిగే చోటుకు మాత్రం అది కావాలి. మ్యాపులో ఎత్తులు మీటర్లలో ఉంటాయి, విమానంలో ఎత్తు చూపే ఆల్టిమీటర్ అడుగుల్లో చెబుతుంది. గుట్టల పక్కన 3.28తో హెచ్చవేసి రాసుకోవాలి. ఎగరకూడని ప్రాంతాలు ఈ షీట్లలో ఉండవు, వాటిని ఇన్‌స్ట్రక్టర్‌ను అడిగి ఎర్ర పెన్సిల్‌తో గీయించుకోవాలి. కరీంనగర్‌లో మళ్లీ తీయించాం, షీటు 260. డబ్బులిచ్చే ముందు కొలిచాం: 8 సెంటీమీటర్లు.