మరియానా నత్తచేప సిలికాన్ నమూనా: చేప సరిగ్గా ఉంది, కరపత్రం లోతు తప్పింది

లోతు సముద్ర జీవుల గురించి పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేతికిచ్చి చూపడానికి మరియానా స్నెయిల్‌ఫిష్, అంటే నత్తచేప, సిలికాన్ నమూనాను తెప్పించుకున్నాను. లోతు సముద్రం అనగానే కోరలు తగిలించి భయపెట్టే అలవాటుకు పోకుండా, ఈ చేపను ఉన్నది ఉన్నట్టు మలచడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

పొలుసుల్లేని లేత గులాబీ ఒంటిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, అసలు చేపలో చర్మం గుండా కనబడినట్టే, పొట్టలో కాలేయం ముద్దగా కనిపిస్తుంది. నొక్కితే వేలు లోపలికి దిగుతుంది, వదిలితే మెల్లగా పైకి లేస్తుంది. ఈ మెత్తదనం చేప స్వభావమే: దాని చర్మం కింద నీటితో నిండిన జిగురు పొర ఉంటుంది, పుర్రె పూర్తిగా మూసుకోదు, గాలితిత్తి లేదు కనుక పీడనానికి నలిగిపోయే గాలి ఒంట్లో ఎక్కడా ఉండదు. నోరు తెరిచి చూస్తే గొంతులోని రెండో జత దవడలు కూడా ఉన్నాయి. ఆంఫిపాడ్‌లనే రొయ్యల్లాంటి చిన్న జీవులను నోటితో పీల్చుకుని, ఆ రెండో దవడలతోనే నమిలి మింగుతుంది.

పెట్టెలోని కరపత్రం మాత్రం నన్ను బాధపెట్టింది. ఈ చేప పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా కందకం అట్టడుగున, దాదాపు 10,900 మీటర్ల లోతులో ఉంటుందని అందులో రాశారు. 2017లో ఈ జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారమైన చేపలు దొరికింది సుమారు 6,900 నుంచి 8,000 మీటర్ల మధ్య. 2022లో జపాన్ దగ్గరి ఇజు-ఒగసవర కందకంలో 8,336 మీటర్ల దగ్గర కెమెరాకు చిక్కింది కూడా ఇదే ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, చెందిన చేపగా భావిస్తున్నారు. పీడనం వల్ల ప్రోటీన్లు చెడకుండా చేపలు టీఎంఏఓ అనే పదార్థాన్ని ఒంట్లో నిలవచేసుకుంటాయి. లోతు పెరిగేకొద్దీ దాని మోతాదూ పెరిగి, సుమారు 8,200 నుంచి 8,400 మీటర్లు దాటితే ఒంట్లోని ద్రవాలు సముద్రపు నీటికన్నా చిక్కనై బయటి నీరు లోపలికి చొరబడుతుందని అంచనా. చేపలకు ఇలా ఒక హద్దు ఉందన్న విషయమే ఈ పాఠానికి ప్రాణం, ఆ ఒక్క తప్పు అంకెతో అది కనబడకుండా పోయింది. నేను ఆ వాక్యం మీద సరైన లోతు రాసిన చీటీ అంటించి వాడుతున్నాను.

పేరు విషయంలో కరపత్రంలో పొరపాటు లేదు: 1872-76 ఛాలెంజర్ సముద్ర పరిశోధన యాత్రలోని అధికారి హెర్బర్ట్ స్వైర్ పేరు మీదుగానే ఈ జాతిని శాస్త్రీయ నామంలో స్వైరై అన్నారు.

తరగతిలో వాడేవారు నిస్సందేహంగా తీసుకోవచ్చు. తోక బాగా పలుచన కాబట్టి, దాన్ని పట్టుకుని ఎత్తవద్దని పిల్లలకు ముందే చెప్పాలి.