ఆవిరి యంత్రమా, ఫార్మలినా?

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య బ్రిటన్ పట్టణాల్లో ఎవరింట్లోనైనా డిఫ్తీరియానో స్కార్లెట్ ఫీవరో లాంటి అంటువ్యాధి వచ్చి రోగిని ఆసుపత్రికి తరలిస్తే, మునిసిపాలిటీ వాళ్లు బండితో దిగేవారు. పరుపులు, దుప్పట్లు ఆవిరితో క్రిములు చంపే డిసిన్‌ఫెక్షన్ స్టేషన్‌కి; గదికి ఫార్మలిన్, అంటే ఫార్మాల్డిహైడ్ వాయువు కరిగిన ఘాటైన క్రిమినాశక ద్రవం.

నా ఓటు ఆవిరికే. స్టేషన్‌లో పెద్ద ఇనుప డ్రమ్ము, దానికి రెండు వైపులా తలుపులు, మధ్యలో అడ్డుగోడ. మురికి సరుకు ఇటు నుంచి లోపలికి వెళ్తుంది, శుభ్రమైంది అవతలి గదిలో దిగుతుంది. రెండూ కలిసే వీల్లేదు. మంచి యంత్రాల్లో ముందు గాలి లాగేసి, ఒత్తిడితో ఆవిరి పంపేవారు. పరుపు నడిమి దూదిదాకా వేడి చేరేది. చిక్కల్లా తోలు, బొచ్చు కోట్లతోనే, ముడుచుకుపోయి పనికిరాకుండా పోతాయి.

అలాంటివాటికీ, పుస్తకాలకీ అప్పట్లో ఫార్మలినే దిక్కు. గదికైతే కిటికీ సందులకు కాగితం అతికించి దాని వాయువు వదిలేవారు, లేదా గోడలకు స్ప్రే కొట్టేవారు. కానీ దాని పని పైపైనే. గది చల్లగా, పొడిగా ఉంటే అదీ అంతంతమాత్రం. నల్లులు దాన్ని పెద్దగా లెక్కచేయవు. కళ్లు మండే ఘాటు వల్ల జనానికి మాత్రం ఏదో గట్టి పనే జరిగిందనిపించేది!

అమెరికాలో ప్రావిడెన్స్ నగర ఆరోగ్యాధికారి చార్లెస్ చాపిన్ 1900ల తొలి దశకంలోనే డిఫ్తీరియా రోగుల గదులకు ఇలా క్రిమినాశక పొగ పెట్టడం మాన్పించాడు. జబ్బు గోడల నుంచి కాదు, మనుషుల నుంచే ఎక్కువగా అంటుతుందని ఆయన వాదన. పేలతో టైఫస్ జ్వరం (టైఫాయిడ్ కాదు) పాకే చోట బట్టలకు ఆవిరి పట్టడం మాత్రం అప్పట్లో మానలేదు.