లిరియాన్ మ్యూజిక్ సర్వర్‌తో ఆరేళ్లు: ఐదు గంటల స్కాన్ పద్నాలుగు నిమిషాలకి ఎలా వచ్చింది

మాది చెన్నై వేళచ్చేరి. నాన్న నెల్లూరు నుంచి తెచ్చుకున్న క్యాసెట్లు, నేను కొన్న సీడీలు, చుట్టాలిచ్చినవి అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించగా ఇప్పటికి 38,000 పాటలయ్యాయి. వాటిని ఇంట్లో ఏ గదిలో అడిగితే ఆ గదిలో వినిపించేది లిరియాన్ మ్యూజిక్ సర్వర్. నేను 2019లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ మీద పెట్టినప్పుడు దాని పేరు లాజిటెక్ మీడియా సర్వర్. లాజిటెక్ 2006లో ఈ సర్వర్‌నీ, దాంతో పాటలు వినిపించే స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్లనీ చేసిన స్లిమ్ డివైసెస్‌ని కొని, 2012లో ఆ ప్లేయర్లు ఆపేసింది. సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాబట్టి వాడేవాళ్లే దాన్ని నిలబెట్టుకున్నారు, 2024లో పేరు మారింది. ఇన్నేళ్లలో పాట మధ్యలో ఆగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నన్ను ఏడిపించిందల్లా స్కానింగ్, అంటే సర్వర్ పాటల ఫైళ్లన్నీ చదివి జాబితా కట్టుకోవడం, ఒక్కటే.

అసలు సంగతి చాలాకాలం నాకు తెలియలేదు. మొదట్లో ఆరు వేల పాటలే. తర్వాత నెలకి ఓ యాభయ్యో వందో కలుస్తూ వచ్చాయి. కొత్తగా వచ్చినవాటిని మాత్రమే చూసే స్కాన్ రాత్రిపూట దానంతటదే అయిపోయేది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చింది, మా వీధిలో కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి ఎస్‌డీ కార్డు మీదున్న డేటాబేస్ పాడైపోయింది. మొత్తం చెరిపి మొదటి నుంచీ స్కాన్ చేయడం తప్ప దారి లేదు. మొదలుపెడితే ఐదు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. సెకనుకి రెండు పాటలు!

అది పూర్తయ్యేదాకా నాన్నకి ఆల్బమ్‌లు అరకొరగానే కనబడ్డాయి. గంటకోసారి వచ్చి, "ఏందిరా, ఇంకా ఎతకతానే ఉందా అది?" అని అడిగేవారు. నిద్ర లేవగానే ఘంటసాల గొంతు వినకపోతే ఆయనకి రోజు మొదలైనట్టుండదు. అందుకే దీన్ని వదిలిపెట్టలేదు.

అందరిలాగే నేనూ ముందు సర్వర్‌నే అనుమానించాను. పెర్ల్ భాషలో రాసిన పాత సాఫ్ట్‌వేర్, రాస్ప్‌బెర్రీ పై ఏమో చిన్న కంప్యూటర్, ఇంతకంటే ఏం చేస్తుందిలే అనుకున్నాను. నెట్‌వర్క్ మీదకి అనుమానమే పోలేదు, పాటలు చక్కగా వస్తున్నాయి కదా! పొరపాటు అక్కడే జరిగింది. సీడీ నాణ్యత ఉన్న పాటకి కంప్రెషన్ లేకుండా చూసినా సెకనుకి 1,411 కిలోబిట్లు చాలు. నీరసంగా ఉన్న వైఫై కూడా అంత మోస్తుంది. స్కానింగ్ పని వేరు. ప్రతి ఫైల్‌నీ తెరవాలి, మొదట్లో ఉన్న ట్యాగ్‌లు (పాట పేరు, గాయకుడి పేరు లాంటి వివరాలు) చదవాలి, కవర్ బొమ్మ ఉందా చూడాలి, మూయాలి, తర్వాతదానికి పోవాలి. నా పాటలన్నీ నాస్ పెట్టెలో (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించిన డిస్క్) ఉండేవి, రాస్ప్‌బెర్రీ పై ఏమో వాటిని వైఫై మీద సాంబా షేర్ (నెట్‌వర్క్‌లో ఫోల్డర్ పంచుకునే పద్ధతి) ద్వారా చదివేది. ఒక్కో ఫైల్‌కీ అటూ ఇటూ బోలెడు కబుర్లు నడుస్తాయి. ఒక్కో కబురుకి పదిహేను మిల్లీసెకన్లే పట్టినా, 38,000 ఫైళ్ల కబుర్లన్నీ కలిపితే పూట గడిచిపోతుంది.

రాస్ప్‌బెర్రీ పై నుంచి నాస్‌కి పింగ్ కొట్టి, ఒక కబురు వెళ్లి రావడానికి ఎంత పడుతోందో చూశాను. ఎనిమిది నుంచి ముప్పై మిల్లీసెకన్ల మధ్య ఊగుతోంది. అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ రూటర్, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లేమో మూడే: 1, 6, 11. ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌కి వెళ్లి క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ తెచ్చి గోడ వారగా లాగాను. పింగ్ ఒక మిల్లీసెకను లోపలికి దిగింది, స్కాన్ మూడు గంటలకి తగ్గింది.

తర్వాత పాటలన్నీ ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించి, దాన్ని నేరుగా రాస్ప్‌బెర్రీ పై వెనకున్న నీలం యూఎస్‌బీ 3 పోర్ట్‌కి తగిలించాను. లైనక్స్ సొంత పద్ధతి ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేశాను. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే పాత డ్రైవర్లతో ప్రాసెసర్ మీద బరువు పడుతుంది. డేటాబేస్‌నీ ఎస్‌డీ కార్డు నుంచి ఇందులోకే మార్చాను. నాస్ ఇప్పుడు బ్యాకప్‌కి మాత్రమే. స్కాన్ నలభై నిమిషాలైంది. అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. సెట్టింగ్స్‌లో డేటాబేస్ మెమరీ పెంచడం కూడా చేశాను గానీ పెద్ద తేడా కనబడలేదు.

మిగిలిన నలభై నిమిషాలు ఎక్కడ పోతున్నాయో స్కాన్ పేజీలోనే తెలిసింది. ఏ దశకి ఎంతసేపు పట్టిందో అది విడివిడిగా చూపిస్తుంది. దీన్ని మొదటి రోజే చదివి ఉంటే నాకు చాలా టైం కలిసొచ్చేది. క్యాసెట్ల ఫోల్డర్లలోకి రాగానే లెక్క నత్తనడక, బొమ్మల దశ కూడా సాగుతూనే ఉంది. ఒక పాట తెరిచి చూశాను. మూడు నిమిషాల పాట, 128 కేబీపీఎస్ ఎంపీ3. పాట మూడు ఎంబీ కూడా లేదు, దాని లోపల కూర్చున్న బొమ్మ ఏడు ఎంబీ! మా బావ క్యాసెట్ అట్టల్ని 1200 డీపీఐలో ఎంతో శ్రద్ధగా స్కాన్ చేసి, ప్రతి పాటలోనూ పెట్టాడు. ఆ స్కాన్లు నిజంగా అందంగా ఉన్నాయి, అట్ట మడత దగ్గర తెల్లబారిన గీత కూడా కనబడుతుంది. అసలు బొమ్మల్ని నాస్‌లో భద్రపరిచి, పాటల్లోంచి తీసేసి, ఆల్బమ్ ఫోల్డర్‌కి ఒక్కటి చొప్పున వెయ్యి పిక్సెళ్ల కవర్ బొమ్మ పెట్టాను. పద్నాలుగు నిమిషాలు!

ఒక ఫోల్డర్ దగ్గర మాత్రం స్కాన్ ప్రతిసారీ బిగుసుకుపోయేది. లాగింగ్‌లో స్కానర్ వివరాలు పెంచి, లాగ్ చివర్లో ఏ ఫైల్ పేరుందో చూశాను. తుఫాను రోజు కాపీ అవుతూ సగంలో తెగిపోయిన ఫైల్ అది. తీసేస్తే సరిపోయింది. ఆ తర్వాత రాస్ప్‌బెర్రీ పైకీ రూటర్‌కీ కలిపి చిన్న యూపీఎస్ కొన్నాను.

స్కానర్ ఫైల్ తేదీ, సైజు చూసి మార్పు పసిగడుతుంది. ఘంటసాల పేరు ఇంగ్లిష్‌లో రెండు రకాలుగా, తెలుగులో ఒక రకంగా ఉండి ముగ్గురు గాయకులుగా కనబడుతుంటే, ట్యాగ్‌లు మార్చే ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రామ్‌లో కూర్చుని అంతా ఒకే పేరు చేశాను. స్కాన్ చేస్తే ఏమీ మారలేదు! ఫైల్ తేదీ మారకుండా ఉంచే ఆప్షన్ నేను టిక్ పెట్టి ఉంచాను, ట్యాగ్‌లోని ఖాళీ జాగా వల్ల సైజూ మారలేదు. టిక్ తీసి మళ్లీ సేవ్ చేశాక ముగ్గురూ ఒక్కరయ్యారు.

ఇప్పటికీ కొరతగా అనిపించేది తెలుగు వెతుకులాట. తెలుగు లిపిలో పేరున్న పాట ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే దొరకదు. నాన్నకి తెలుగు టైపింగ్ అలవాటు లేదు కాబట్టి ఆయన రోజూ వినేవన్నీ ఒక ప్లేలిస్ట్‌గా చేసి ఇచ్చాను. పోయిన ఆదివారం ఇంకో నలభై పాటలు ఎక్కించి, కొత్తవాటికి మాత్రమే స్కాన్ పెట్టాను. నాన్న కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లోకి వచ్చేసరికే అయిపోయింది.