ముందు పైపు ముక్కలు, తర్వాతే మందులు: క్యాట్‌ఫిష్ గాయాలతో నాలుగేళ్లు

విజయనగరంలో మా ఇంట్లో 3 అడుగుల అక్వేరియం పెట్టి నాలుగేళ్లు దాటింది. నీళ్లు సుమారు 120 లీటర్లు పడతాయి. బ్రిస్టిల్‌నోస్ క్యాట్‌ఫిష్‌లు మూడు, కోరీడోరాస్‌లు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు, కోరీలంటాం) నాలుగు, కొన్ని టెట్రాలు (గుంపుగా ఈదే చిన్న చేపలు) ఉన్నాయి. ఇన్నేళ్లలో కొట్టుకుని గాయపడ్డ చేపను చూసుకోవాల్సిన పని ఏడుసార్లు పడింది. ఆ ఏడుసార్లలో నేను వాడినవాటిలో ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

షాపుల్లో బ్రిస్టిల్‌నోస్‌ల్లాంటివాటన్నిటినీ 'సక్కర్' అనే పేరుతోనే అమ్ముతారు. అంగుళం పిల్లలుగా ఉన్నప్పుడు మగదేదో ఆడదేదో తెలియదు. మావి ఏడాది తిరిగేసరికి రెండింటికి ముక్కు మీద కొమ్మల్లాంటి మీసాలు వచ్చాయి. రెండూ మగవే. ఉన్నది ఒక్క కొబ్బరి చిప్ప గూడు. ఈ జాతి మగచేపకు గూడే ఇల్లు, గుడ్లు కాపాడుకునే చోటూ అదే, కాబట్టి దాన్ని సులువుగా వదులుకోదు. చెంపల దగ్గర సన్నటి ముళ్లుంటాయి, కొట్లాటలో వాటిని బయటికి విప్పుతుంది. ఒకరోజు పొద్దున్న లైటు వేసి చూస్తే చిన్నదాని వీపు రెక్క దువ్వెన పళ్లలా చీలిపోయి ఉంది, పక్కన రూపాయి బిళ్లలో సగమంత చోట చర్మం గీసుకుపోయింది.

టెన్షన్‌లో నేను చేసిన పని ఇప్పటికీ బాధిస్తుంది. షాపులో అడిగితే నీలం మందు, అంటే మిథిలీన్ బ్లూ, ట్యాంకులోనే పోసేయమన్నారు. పోశాను. దానికి తోడు గుప్పెడు ఉప్పు వేశాను. మూడో రోజుకి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఫిల్టర్‌లో ఉండి అమ్మోనియాను విరిచే మంచి బ్యాక్టీరియాను ఆ మందు దెబ్బతీస్తుందని నాకు అప్పటికి తెలియదు. రెండు కోరీలు, ఒక టెట్రా పోయాయి. అసలు గాయపడ్డ చేప మాత్రం బతికింది. ఆ కోరీలు గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అప్పట్నుంచి ఏ మందైనా వేరే టబ్బులోనే. 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, సబ్బు ఎప్పుడూ తగలనిది, దీనికోసమే విడిగా ఉంచాను. ఒక చిన్న స్పాంజి ఫిల్టర్‌ను ఏడాది పొడవునా పెద్ద ట్యాంకులోనే నడుపుతాను. అవసరం పడ్డ రోజు దాన్ని తీసి టబ్బులో పెడితే బ్యాక్టీరియా సిద్ధంగా ఉంటుంది. టబ్బులో ఒక పైపు ముక్క, పైన ఒక గుడ్డ కప్పి చీకటి. రోజూ 6 లీటర్లు తీసి, క్లోరిన్ పోయిన నీళ్లు అంతే పోస్తాను. మున్సిపాలిటీ నీళ్లను బకెట్లో ఒకరోజు ఉంచి వాడతాను, తొందరైతే యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తాను.

ఏడింటిలో మూడు గాయాలు ఈ శుభ్రమైన నీళ్లతోనే మానాయి. మందు చుక్క కూడా వేయలేదు. రెక్క చీలిక అంచు తెల్లగా, శుభ్రంగా ఉండి, రెక్క మొదలు దగ్గర ఎరుపు లేకపోతే నేను ఏమీ వేయను. మొదటి వారంలో అంచున గాజులాంటి సన్నటి పొర వస్తుంది, అదే కొత్త రెక్క. మా చేపలకు మూడు నుంచి ఐదు వారాలు పట్టింది. ఒకదానికి రెక్క ముల్లు కొంచెం వంకరగా అతికింది, దాంతో ఇబ్బందేమీ పడలేదు.

ఉప్పు పనికొస్తుంది, కానీ క్యాట్‌ఫిష్‌లు దాన్ని చాలా చేపలంత తట్టుకోలేవు. లీటరుకు 1 గ్రాము మించను. 20 లీటర్లకు 20 గ్రాముల కల్లుప్పు, మగ్గులో కరిగించి, మూడు విడతలుగా పోస్తాను. అందరూ పొరపడే చోటు ఒకటుంది. ఉప్పు ఆవిరైపోదు. 6 లీటర్లు మార్చితే 6 గ్రాములే మళ్లీ కలపాలి, మొత్తం 20 గ్రాములూ కాదు.

బాదం ఆకు మీద మొదట నాకు నమ్మకం లేదు. మా వీధి చివర బాదం చెట్టు కింద ఎండి రాలినవి ఏరి, కడిగి, టబ్బులో ఒకటి వేస్తాను. నీళ్లు టీ రంగుకొస్తాయి. చేప కుదురుగా ఉంటుంది, బూజు పట్టడం తగ్గిందనిపించింది. ఇది నా ఒక్కదాని అనుభవం. మురుగు కాలువ పక్కన పడ్డవి, మందు కొట్టిన తోటలోవి మాత్రం వద్దు.

మిథిలీన్ బ్లూ చెడ్డదని అనను. గాయం మీద తెల్లటి దూది పోగుల్లా బూజు వచ్చిన రెండుసార్లూ అదే పనిచేసింది. అది వేసేటప్పుడు స్పాంజి ఫిల్టర్ తీసేసి ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) ఒక్కటే పెట్టి, నీళ్లు రోజూ మార్చాలి. కానీ దూదిలా కనిపించేదంతా బూజు కాదు. కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు కూడా అలాగే ఉంటుంది, వేడి నీళ్లలో ఒకటి రెండు రోజుల్లోనే పాకిపోతుంది. ఏడోసారి నాకు వచ్చింది అదేనని అనుకుంటున్నాను. రెక్క మొదలు ఎర్రబడింది, తిండి మానేసింది, నేను నీలం మందుతో రెండు రోజులు వృథా చేశాను. ఆ చేప దక్కలేదు. ఎరుపు పాకుతుంటే ఆగకుండా చేపల వైద్యం తెలిసినవాళ్లకు చూపించండి.

ఇన్ని చెప్పినా, నేను డబ్బు పెట్టి కొన్న దేనికంటే ఎక్కువ మేలు చేసింది ఊరికే దొరికిన పీవీసీ పైపు. బాత్రూమ్ పని జరిగినప్పుడు మిగిలిన రెండంగుళాల పైపు తుండ్లు పక్కన పెడుతుంటే ప్లంబరు, "ఏటమ్మా, ఈ ముక్కలేటి సేత్తారు?" అని అడిగాడు. చేపలకి ఇళ్లు అన్నాను. ఆయనే ఆరంగుళాల చొప్పున కోసి, అంచులకు శాండ్ పేపర్ కొట్టి ఇచ్చాడు. ఒక పక్క ఎండ్ క్యాప్ బిగించాను, గమ్ పూయలేదు. మూడు చేపలకు ఐదు గూళ్లు పెట్టాను. రెండు గూళ్ల నోళ్లు ఎదురెదురుగా ఉండకూడదు, మధ్యలో దుంగో రాయో అడ్డుండాలి. పైపు చేపకు సరిగ్గా బిగువుగా ఉండాలి. వదులుగా ఉంటే రెండోది లోపలికి దూరుతుంది, అక్కడే కొట్లాట. ఈ ఏర్పాటు చేసిన రెండున్నరేళ్లలో వచ్చినవి రెండే గాయాలు. ముందు ఏడాదిన్నరలోనే ఐదు.

ఆ రెండింటిలో ఒకటి కొత్త చేపను తెచ్చినప్పుడు జరిగింది. ఇప్పుడైతే కొత్తది వదిలే ముందు దుంగలు, పైపులు అన్నీ జరిపేస్తాను. పాత చేపకు తన హద్దు తెలియకుండా పోతుంది. తిండి లైటు ఆర్పాక, రెండు మూలల్లో వేస్తాను. కీరా ముక్క ఒకటి ఇటు, బీరకాయ చెక్కు అటు.

మేలో ఇక్కడ నీళ్లు 32 డిగ్రీలు దాటుతాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, గాయపడ్డ చేపకు అది రెట్టింపు కష్టం. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు తప్పకుండా కొనండి. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేని రోజులు చూసిన మన జిల్లావాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

పట్టుకునేటప్పుడు వల వద్దు. రెక్క ముళ్లు వలలో చిక్కుకుంటాయి, విడదీయబోతే ఉన్న గాయం పెద్దదవుతుంది. ప్లాస్టిక్ డబ్బాలోకి తోలండి, లేదా పైపుతో సహా ఎత్తేయండి.

కొట్టే చేపను పెద్ద చెరువులో వదిలేయమని నాకు ఒకరు సలహా ఇచ్చారు. ఆ పని ఎవరూ చేయొద్దు. సక్కర్‌లు దక్షిణ అమెరికా చేపలు, మన రాష్ట్రంలో కాలువల్లో, చెరువుల్లో ఇప్పటికే పెరిగి వలలు చింపుతున్నాయి. షాపుకి తిరిగివ్వండి, లేదా పెంచేవాళ్లకు ఇవ్వండి.

2 అడుగుల ట్యాంకు ఉన్నవాళ్లు ఒక్క మగదాన్నే పెట్టుకోండి. ఎన్ని పైపులు పెట్టినా అంత చోటులో రెండు మగవి ఇమడవు.