ప్రీ వెడ్డింగ్ షూట్‌లో చిన్నపిల్లలు: వెంట తిప్పాలా, వేరేగా తీయించాలా?

షూట్ మాట్లాడుకోవడానికి వచ్చే జంటలు ఈ మధ్య తరచుగా అడిగే ప్రశ్న ఇది: "మా పాప కూడా వస్తుంది, పర్వాలేదా?" పర్వాలేదు. కానీ "మా పాప" అంటే ఎవరన్నది ముందు తేలాలి. పెళ్లికొడుకు అక్క కూతురా, లేక పెళ్లికూతురి సొంత కూతురా? రెండో పెళ్లి చేసుకునేవాళ్లు ఒకప్పుడు గుళ్లో దండలు మార్చుకుని, దగ్గరివాళ్లకు భోజనాలు పెట్టి ఊరుకునేవారు. ఇప్పుడు వాళ్లూ నిశ్చితార్థం చేసుకుంటున్నారు, షూట్ పెట్టుకుంటున్నారు. ఎందుకు పెట్టుకోకూడదు? అయితే ఆ ఇంట్లో నాలుగేళ్ల బిడ్డో ఆరేళ్ల బిడ్డో ఉంటే, ఫోటోల్లో ఆ బిడ్డకు చోటెక్కడ అన్నది పట్టుచీర రంగు కన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి.

హైదరాబాద్‌లో ఫోటోలు తీసే మనిషిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మేనల్లుడో మేనకోడలో అయితే షూట్‌కి తీసుకురాకపోయినా ఏమీ పోదు. సొంత బిడ్డ అయితే ఇంట్లో వదిలి రాకూడదు, అలాగని రోజంతా వెంట తిప్పనూ కూడదు.

రోజంతా వెంటే ఉంటే

మామూలు ప్రీ వెడ్డింగ్ షూట్ అంటే రెండు లొకేషన్లు, మూడు నాలుగు జతల బట్టలు, పొద్దున్న మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా పని. అందులో కెమెరా నడిచే టైమ్ తక్కువ, ఎదురుచూసే టైమ్ ఎక్కువ. మేకప్ సరిచేస్తారు, డ్రోన్ బ్యాటరీ మారుస్తారు, వెనకాల నడిచేవాళ్లు పక్కకు వెళ్లేదాకా ఆగుతారు. పెద్దవాళ్లు ఫోన్ చూసుకుంటూ ఆగగలరు. నాలుగేళ్ల పిల్ల ఎందుకు ఆగుతుంది? భోజనాల వేళకే "అమ్మమ్మ దగ్గరికెళ్దాం" అని మొదలుపెడుతుంది. అక్కడి నుంచి పెళ్లికూతురి కళ్లు కెమెరా వైపు ఉండవు, పిల్ల వైపే ఉంటాయి. ఆ టెన్షన్ ఫోటోల్లో స్పష్టంగా కనబడుతుంది, ఎడిటింగ్‌లో పోయేది కాదు.

లొకేషన్ సంగతీ చూడాలి. గోల్కొండనే తీసుకోండి. గేట్లు తెరిచేదే ఉదయం 9కి. వేసవిలో ఆ టైమ్‌కే ఎండ మాడ్చేస్తుంది. కోట శిఖరాన ఉన్న బాలాహిస్సార్ దాకా దాదాపు 360 మెట్లు, షేర్వానీ వేసుకుని పిల్లాణ్ని చంకనెత్తుకుని ఎక్కాలి. అది పురావస్తు శాఖ వాళ్ల కట్టడం కాబట్టి ట్రైపాడ్‌తో తీయాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు; పిల్లలతో వెళ్లినందుకు అక్కడ దొరికే లాభం అదొక్కటే.

ఈ పద్ధతిలో మంచి లేదని కాదు. కారు డిక్కీ మీద కూర్చుని కాబోయే నాన్నతో జంతికలు పంచుకుంటున్న పిల్లాడి ఫోటో ఏ పోజులోనూ రాదు. కానీ అలాంటిది గంటలోనూ దొరుకుతుంది, దానికోసం ఎనిమిది గంటలు తిప్పక్కర్లేదు.

ముందు పిల్లలు, తర్వాత జంట

నేను ఎక్కువగా చెప్పేది ఈ పద్ధతే: మొదటి ముప్పావుగంట పిల్లలతో కలిపి తీసి, వాళ్లను ఇంటికి పంపేసి, తర్వాత జంటను తీయడం. పిల్లలు అలిసిపోతారన్నది ఒక కారణం మాత్రమే, అసలు కారణం వెలుతురు.

ఇద్దరే ఉన్నప్పుడు లెన్స్ బాగా తెరిచి, అంటే ఎఫ్ 1.8 దగ్గర పెట్టి వెనకంతా మసకబారేలా తీస్తాం, అందరూ ఇష్టపడేది ఆ లుక్కే. మధ్యలో పిల్ల దూరిందంటే ఆ లెక్క చెడుతుంది. పిల్ల ఒక అడుగు ముందుకొస్తే చాలు, పిల్ల ముఖం స్పష్టంగా, పెద్దవాళ్ల ముఖాలు మసకగా వస్తాయి. అందుకే లెన్స్ కాస్త మూసి ఎఫ్ 4కో 5.6కో మార్చాలి, అంటే లోపలికొచ్చే వెలుతురు బాగా తగ్గిపోతుంది. పైగా పిల్లలు కదులుతూనే ఉంటారు. కదలకుండా నిలబడ్డ జంటకు షట్టర్ సెకనులో 200వ వంతు తెరుచుకుంటే చాలు, పరిగెత్తే పిల్లకు కనీసం 500వ వంతు కావాలి, అప్పుడూ వెలుతురు తగ్గుతుంది. రెండూ కలిపితే, సూర్యుడు దిగిపోయాక పిల్లల ఫోటోలు గింజలు గింజలుగా వస్తాయి. జంట ఫోటోలకు సూర్యుడు దిగాక ఉండే నీలి వెలుగే అందం. కాబట్టి వెలుతురు ఉండగా పిల్లలు, తగ్గాక జంట.

డిసెంబరులో హైదరాబాద్‌లో సూర్యాస్తమయం దాదాపు 5:45కి. పిల్ల మధ్యాహ్నం పడుకుని లేచి, ఏదో ఒకటి తిని 4 గంటలకు వస్తే లెక్క సరిగ్గా కుదురుతుంది. మే నెలలో సూర్యాస్తమయం దాదాపు 6:40కి, సాయంత్రం ఐదింటికి కూడా రాయి ముట్టుకుంటే కాలుతుంది. వైశాఖంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు పిల్లలతో పొద్దున్నే రావడం మేలు. అసలు చిన్నపిల్లలు ఆరింటికే లేచి కూర్చుంటారు, ఆ వేళకు నిద్రమొహాలతో ఉండేది మనమే. విశాఖలో అయితే ఇది ఇంకా నిజం. సముద్రం తూర్పున ఉంది కాబట్టి ఆర్కే బీచ్‌లోనైనా రుషికొండలోనైనా అందమైన వెలుగు సూర్యోదయానిదే. డిసెంబరులో ఆరుంపావు ప్రాంతంలో వస్తుంది కాబట్టి పిల్లలకూ ఇబ్బంది లేదు. మేలో మాత్రం అయిదున్నరలోపే వచ్చేస్తుంది, అంటే నాలుగింటికి లేపాలి.

ఈ పద్ధతి చెడేది రెండు చోట్ల. ఒకటి, పిల్లల్ని చూసుకునే మనిషి. ఆ పని పెళ్లికూతురి తల్లికి అప్పజెప్పకండి, ఆవిడకు షూట్ చూడాలని ఉంటుంది. పిల్లకు బాగా చనువున్న పిన్నో బాబాయో రావాలి, వాళ్లకు ఆ రోజు ఇంకే పనీ ఉండకూడదు. రెండోది, రెండో బండి. అందరూ ఒకే ఇన్నోవాలో వస్తే పిల్లల్ని ముందుగా పంపడం కుదరదు, ప్లాన్ అక్కడితో సరి.

బట్టల దగ్గర ఒక మాట. కొత్త పట్టులంగాకు చంకల దగ్గర జరీ గుచ్చుకుంటుంది. షూట్ రోజున మొదటిసారి తొడిగితే పావుగంటలో గోక్కోవడం మొదలవుతుంది, మెడ దగ్గర ఎర్రటి గీతలు ఫోటోలో కనబడతాయి. లోపల నూలు లైనింగ్ వేయించి, ముందే ఇంట్లో ఒక పూట తొడిగి చూడండి. తినడానికి పెరుగన్నం, అరటిపండు మంచివి, చాక్లెట్ వద్దు. నడిస్తే కీచుమనే చెప్పులు మాత్రం తప్పకుండా తీసుకురండి. వీడియోలో ఆ శబ్దం ఎలాగూ తీసేస్తాం, పిల్ల ఏ గోడ వెనక ఉందో మాకు తెలుస్తుంది.

వేరే రోజు, ఇంట్లోనే

రెండేళ్లు నిండని బిడ్డ అయినా, కొత్తవాళ్లను చూస్తే కొంగు చాటుకు వెళ్లే బిడ్డ అయినా నా ఓటు దీనికే. ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి పది మధ్య బాల్కనీ తలుపు తీసి, లోపల ట్యూబ్‌లైట్లు ఆర్పేస్తే చాలు, మంచి వెలుతురు వస్తుంది. పోజులు అక్కర్లేదు. తలకు నూనె రాయడం, దోసెలు వేస్తుంటే గట్టు మీద కూర్చోబెట్టడం, హోంవర్క్ పుస్తకం ముందు ముగ్గురూ తలలు వంచుకుని ఉండటం. రాబోయే సంసారం ఎలా ఉంటుందో అదే కనబడుతుంది. పిల్ల మూడ్ పాడైతే గదిలోకి వెళ్లి ఆడుకుని వస్తుంది, ఎవరి టైమూ వృథా కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. స్టూడియోలు దీనికి సగం రోజు కింద వేరుగా డబ్బు తీసుకుంటాయి. ఇల్లు సర్దాలని రాత్రంతా హడావుడి పడేవాళ్లుంటారు (సర్దకండి, బల్ల మీద బొమ్మలు ఉంటేనే బాగుంటుంది). ఇక ఫంక్షన్ హాల్ ఎల్ఈడీ తెర మీద కోట గోడల ఫోటోల మధ్య వంటింటి ఫోటో వస్తే కాస్త వేరుగా కనబడుతుంది. ముగ్గురి బట్టల్లో ఒక రంగు కలిస్తే ఆ తేడా తగ్గుతుంది.

నిశ్చితార్థం రోజున చూసుకుందాంలే అనుకుంటే

చాలామంది అనుకునేది ఇదే, అన్నిటికన్నా బలహీనమైనదీ ఇదే. తాంబూలాలు, ఉంగరాలు అయ్యేసరికి రాత్రి అవుతుంది. స్టేజీ మీద ఫ్లాష్‌లు, కింద క్యూ, వచ్చిన ప్రతి చుట్టం బుగ్గ గిల్లుతారు. పిల్ల భుజం మీద నిద్రపోతూ దిగిన ఫోటోలే మిగులుతాయి. ఆ రోజే తీయాలంటే అతిథులు రాకముందు, హాల్ ఖాళీగా ఉన్నప్పుడు పది నిమిషాలు పెట్టుకోండి. మేనల్లుళ్లకు, మేనకోడళ్లకు అది సరిపోతుంది.

సొంత బిడ్డ అయితే

ఇక్కడ మాత్రం నేను కాస్త గట్టిగానే చెబుతాను. కొత్తగా రాబోతున్న మనిషిని కౌగిలించుకోమని, ముద్దు పెట్టమని పిల్లకు చెప్పకండి. వీడియో కోసం "ఇటు తిరిగి అమ్మా అని పిలువు నాన్నా" అనే ఫోటోగ్రాఫర్లు ఉన్నారు, అప్పుడే ఆపండి. పెద్దవాళ్లు సరదాగా ఏదో రాసిన పలకను పిల్ల చేత పట్టించడమూ నాకు నచ్చదు. చదవడం రాని పిల్ల చేతిలో పెద్దవాళ్ల జోక్ ఎందుకు? దాని బదులు ఏదైనా పని ఇవ్వండి. ఇద్దరూ కలిసి గాలిపటం ఎగరేయడం, బఠానీలు కొనుక్కోవడం, చెప్పు బకిల్ పెట్టుకోవడం లాంటివి. పక్కపక్కన నిలబడి ఒకే వస్తువును చూస్తున్నప్పుడు పిల్లలకు బిడియం పోతుంది. దగ్గరితనం వాళ్లంతట వాళ్లు చూపిస్తే చూపిస్తారు, లేకపోతే ఆ రోజుకు లేదంతే. ఆరేళ్లు దాటిన పిల్లల్ని అయితే ముందే అడగండి, "రాను" అంటే ఆ మాటకు విలువ ఇవ్వండి.

ఫోటోలు ఎక్కడికి వెళ్తాయన్నది ఇంకో విషయం. జంట రీల్స్ స్టూడియో పేజీలో పెట్టుకోవడం మామూలైపోయింది. మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. చట్టం దాకా పోనక్కర్లేకుండా, పిల్ల ఉన్న ఫోటోలు, వీడియోలు ప్రచారానికి వాడకూడదని ఒప్పందంలోనే ఒక వాక్యం రాయించుకోండి. పిల్ల సంరక్షణ గురించి కోర్టులో ఏదైనా నడుస్తుంటే, షూట్‌కి ముందే మీ వకీలుతో మాట్లాడండి.

పిల్లలు ఉండగా కొన్ని పూర్తిగా మానేయాలి. రంగు పొగ డబ్బాలు వెలిగాక బాగా వేడెక్కుతాయి, పొగకు దగ్గు వస్తుంది. అవి పిల్లలు వెళ్లాక. డ్రోన్ కూడా అంతే, ఆ రొదకే కొందరు బెదిరిపోతారు. ఉంగరం చేతికిచ్చి ఫోటో తీయాలనుకుంటే మూడేళ్లలోపు వాళ్లకు ఖాళీ పెట్టె ఇవ్వండి, ఆ వయసులో ఏదైనా ముందు నోట్లోకే వెళ్తుంది.

అడ్వాన్స్ ఇచ్చే ముందే ఫోటోగ్రాఫర్‌కి పిల్ల వయసు, నిద్రవేళ చెప్పండి. ఆ రెండూ రాసుకుని దాన్ని బట్టి టైమ్ మార్చేవాళ్లయితే బుక్ చేసుకోండి. "తీసుకురండి మేడమ్, అక్కడ చూసుకుందాం" అంటే ఇంకొకరిని అడగండి.