గాలిదుమారానికి కిటికీలకు ఏది మేలు: షట్టరా, ప్లైవుడ్డా, పాత పద్ధతి రెక్కలా?

తుఫాను అంటే కోస్తా వాళ్ల బాధేనని నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చాలామంది అనుకుంటారు. 2025 అక్టోబర్‌లో మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది, వాన మాత్రం దేవరకొండ, అచ్చంపేట దాకా వచ్చి దంచింది. అయినా మన కిటికీలకు అసలు గండం ఏప్రిల్, మే సాయంత్రాల్లో లేచే గాలిదుమారమే. 2024 మే చివర్లో నాగర్‌కర్నూల్ జిల్లాలో అలాంటి గాలికే గోడలు కూలి ప్రాణాలు పోయాయి. కట్టడాలకు గాలివేగం లెక్కగట్టే ఐఎస్ 875 ప్రమాణంలో విశాఖకు సెకనుకు 50 మీటర్లయితే, హైదరాబాద్‌కు 44. మనం అనుకునేంత తేడా లేదు.

తేడా అంతా వ్యవధిలో ఉంది. తుఫాను సంగతి రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది. దుమారం అట్లా కాదు, మబ్బు నల్లబడి, దుమ్ము లేచి, ఆరేసిన బట్టలు తెచ్చుకునేలోపే మీద పడుతుంది. అందుకే అమెరికాలో హరికేన్‌కు ముందు కిటికీలకు బిగించే ప్లైవుడ్ మనకు వేసవిలో అక్కరకు రాదు. అక్టోబర్ తుఫానుకైతే, పెద్ద అద్దాలున్న ఇంటికి, పనికొస్తుంది. 16 ఎంఎం చెక్కను ముందే కొలతకు కోయించి, స్క్రూలతో బిగించాలి. ఉత్త మేకులు గాలి గుంజుడుకు ఊడొస్తాయి. ఇక అద్దానికి టేపు అంటించడం దండగ, దానితో అద్దానికి బలం రాదు.

రోలింగ్ షట్టర్ గట్టిదే. కానీ మోటారుది పెట్టిస్తే, గాలి మొదలవగానే కరెంటు పోయి అది దిగదు. చేత్తో తిప్పేది ఉంటేనే తీసుకోండి. పక్క పట్టాల్లో దుమ్ము చేరి ఇరుక్కోకుండా తుడుస్తూ ఉండాలి.

నా ఓటు బయటికి తెరుచుకునే కర్ర లేదా ఇనుప రెక్కలకే. ఎదురుగాలి కొట్టేకొద్దీ అవి చౌకటుకు ఇంకా గట్టిగా అతుక్కుంటాయి. ఇంటికి అవతలి వైపు గాలి మాత్రం రెక్కను బయటికి లాగుతుంది, అక్కడ గడియలే కాపాడాలి. ఒకే గొళ్లెం నడిమిట్ల ఉంటే రెక్క టపటపా కొట్టుకుని బందుల స్క్రూలు వదులవుతాయి. పైనొకటి, కిందొకటి పెట్టించండి. తెరిచి ఉంచినప్పుడు పట్టే కొక్కెం కూడా ఉండాలి.

రేకుల ఇంట్లో ఈ ఖర్చు అన్నిటికంటే ముందు పెట్టాలి. కిటికీ పగిలితే లోపలికి దూరిన గాలి కప్పును కింది నుంచి నెడుతుంది, పైన వీచే గాలి గుంజుతుంది, రేకులు లేచిపోతాయి.

ఇప్పటికే అల్యూమినియం స్లైడింగ్ ఉంటే పీకేయనక్కర్లేదు. కింది పట్టాలో నీళ్లు పోయే చిన్న రంధ్రాలు దుమ్ముతో పూడితే వాన ఇంట్లోకే పారుతుంది, ఒక పుల్లతో ఆ దుమ్ము తీసేయండి. సజ్జ లేని కిటికీ ఉంటే దానికి మాత్రం బయట రెక్కలు వేయించండి, ఉగాది లోపే.